ముప్పై రెండో నంబరు

వరహాలబాబు చేతిలో పడ్డ పెట్టె ఏదీ బాగుపడకుండా వెనక్కి వెళ్ళలేదని బోయిన్‌పల్లిలో ఒక పేరుండేది. ఆ పేరు ముప్పాతిక వంతు వరహాలబాబు తనకి తానే పెట్టుకున్నది. పోనిద్దురూ, మనిషన్నాక ఆ మాత్రం ఉండొద్దూ! చీపురుపల్లి పక్క పల్లె నుంచి ఐటీఐ సర్టిఫికెట్టు పట్టుకుని రైలెక్కి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా కూరగాయల మార్కెట్టు వెనక మేడమీద గదిలో కూర్చుని, బ్యాండువాళ్ళ కీబోర్డులూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తూ సంసారం ఈదుకొస్తున్నాడు.

అది రెండువేల రెండో సంవత్సరం. ఊరంతా కంప్యూటర్ల పూనకం. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, జావా కోర్సు బోర్డు. "మీరూ ఓ కోర్సు చేసీరాదేటి, అందరూ చేసీస్తన్నారు," అని భార్య దుర్గ పోరుపెట్టేది.

"ఏటే, పెట్టెలకి బుద్ధి చెప్పే చిప్పులు నా చేత్తో రాసి పెడతన్నాను. నాకు కోర్సు చెప్పీవోడెవడే?" అని మీసం దువ్వేవాడు. ఆ గీరే కొంప ముంచింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం పద్మారావు నగర్ నుంచి ఇద్దరు పెద్దవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. రిచర్డుగారు రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య డోరాగారు స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పిన టీచరు, వాళ్ళ సంఘంలో పాతికేళ్ళుగా ఆర్గన్ వాయిస్తున్న మనిషి. పెట్టె బరువుది, తేలేం, మీరే చర్చికి వచ్చి చూడాలి అన్నారు. వరహాలబాబు స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని వాళ్ళ ఆటోలోనే ఎక్కాడు.

చర్చి తెల్లదొరల నాటిది. పక్క కిటికీ దగ్గర, తెల్లగుడ్డ కింద, ఒక పాత జపాన్ సింథసైజరు, అంటే శబ్దాలు మనమే తయారుచేసుకునే కీబోర్డు, ఉంది. ఎనభై మూడు నాటి సరుకు. రెండంచులా చెక్క పలకలు, ముందు వరసగా మీటలు, శబ్దాలు దాచుకోవడానికి అరవై నాలుగు నంబర్లు. డోరాగారు కూర్చుని ముప్పై రెండో నంబరు నొక్కి ఒక కీర్తన ఎత్తుకుంది.

వరహాలబాబు జీవితంలో కొన్ని వందల కీబోర్డులు విన్నాడు. వాటిలో "ఆర్గన్" అని రాసి ఉన్న మీట నొక్కితే వచ్చే శబ్దం ఎలా ఉంటుందో అతనికి తెలుసు, ప్లాస్టిక్ శబ్దం. ఇది అది కాదు. ఇందులో ముందు గాలి వచ్చి, ఆ వెనక స్వరం వచ్చింది. మధ్యలో ఒక స్వరం మిగతావాటి కంటే వెంట్రుకవాసి తగ్గి పలుకుతోంది. కింది స్వరాలు మెల్లగా వణుకుతున్నాయి. అతను చర్చి గడప తొక్కడం అదే మొదలు. అయినా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

"అమ్మగారూ, ఇది కంపెనీవాళ్ళ శబ్దం కాదు," అన్నాడు.

"కాదు బాబూ. అక్కడ నిజం ఆర్గన్ ఉండేది," అని ఆవిడ గోడ వైపు చూపించింది. నూటపాతికేళ్ళ నాటి ఆర్గన్, వెనక ఒక మనిషి నిలబడి తిత్తితో గాలి కొడితే గానీ పలికేది కాదట. చెదలు తినేసింది. ఎనభై ఎనిమిదిలో కమిటీ దాన్ని పాత చెక్క కింద అమ్మేసింది. బండి రావడానికి ముందు నలభై రోజులు డోరాగారు ఆ ఆర్గన్‌నీ ఈ సింథసైజర్నీ పక్కపక్కన పెట్టుకుని, దాని మీద ఒక స్వరం, దీని మీద ఒక స్వరం వింటూ, మీటలు వెంట్రుకంత వెంట్రుకంత జరుపుతూ ఆ గొంతుని ఇందులోకి దింపింది. ముప్పై రెండో నంబరులో దాచింది.

మాట్లాడుతూనే వాయిస్తోంది. రెండో చరణం చివర వేలు తీసేసినా ఒక స్వరం ఆగలేదు. గుయ్యిమని పట్టుకుంది. రిచర్డుగారు వెళ్ళి ప్లగ్గు పీకితే గానీ ఊరుకోలేదు.

"క్రిస్మస్ నాడు ఆశీర్వాదం పలుకుతుంటే ఇలాగే పట్టుకుంది. పాస్టరుగారు చేతులెత్తి నిలబడ్డారు, ఇది ఊళ పెడుతూనే ఉంది," అన్నారు రిచర్డుగారు తల దించుకుని. సంఘం కార్యదర్శి నోవహుగారు ఆ రోజే తేల్చి చెప్పేశారట: ఇంకొక్కసారి ఇలా అయితే దీన్ని తీసేసి కొత్త కీబోర్డు కొనడమే, అందులో తబలా కూడా దానంతట అదే వాయిస్తుంది, కాలంతో పాటు మనమూ అప్‌గ్రేడ్ అవ్వాలి.

డోరాగారు వరహాలబాబు మొహంలోకే చూస్తూ, "కొత్తది వస్తే ఆ ఆర్గన్ పోతుంది బాబూ. ఇది తప్ప అది ఇంకెక్కడా లేదు," అంది.

"కంగారు పడకండమ్మా. దీని జబ్బు నాకు తెలుసు," అన్నాడు వరహాలబాబు. అబద్ధం కాదు, నిజంగానే తెలుసు. లోపల ఒక చిప్పు ఉంటుంది, పెట్టె ఎలా నడుచుకోవాలో అందులో రాసి ఉంటుంది. ఆ రాతలోనే తప్పు దొర్లింది. కంపెనీవాళ్ళు తర్వాత సరిదిద్దిన రాత విడుదల చేశారు గానీ, అది సికింద్రాబాదు దాకా ఎవడు మోసుకొస్తాడు! ఇప్పుడంటే ఇంటర్నెట్ వచ్చింది. ప్యారడైజ్ దగ్గర నెట్ కేఫ్‌లో కూర్చుంటే, ఎక్కడో హాలండులో ఒక మహానుభావుడు ఆ రాతని ఈమెయిల్లో పంపిస్తాడు. దాన్ని ఖాళీ చిప్పులోకి ఎక్కించి, పాత చిప్పు పీకి, కొత్తది గుచ్చడమే.

అందులో ఒక్కటే మెలిక. కొత్త చిప్పు మొదటిసారి కళ్ళు తెరవగానే, పెట్టెలో అప్పటిదాకా దాచుకున్న శబ్దాలన్నీ తుడిచేసి కంపెనీ శబ్దాలు పరుస్తుంది. అందుకని ముందే వాటిని క్యాసెట్టు మీదకి ఎక్కించుకోవాలి. ఆ కాలం సింథసైజర్లకి వెనక దానికోసమే ఒక బెజ్జం ఉండేది. వైరు పెట్టి టేప్ రికార్డరుకి తగిలిస్తే, అరవై నాలుగు శబ్దాలూ కీచుమనే ఒక గోలగా మారి టేపులోకి దిగుతాయి. పని అయ్యాక ఆ గోలనే వెనక్కి వినిపిస్తే, మళ్ళీ శబ్దాలైపోతాయి.

ఆ పని వరహాలబాబు ఆ పూటే చేశాడు. రిచర్డుగారి టేప్ రికార్డరు అక్కడే ఉంది. మంచం పట్టి గుడికి రాలేని ముసలివాళ్ళ కోసం ఆయన ప్రతి ఆదివారం ప్రసంగం రికార్డు చేసి, సైకిలు మీద ఇంటింటికీ పంచి, విన్నాక వెనక్కి తెచ్చుకుంటారు. ఆయన దగ్గరే ఒక ఖాళీ క్యాసెట్టు తీసుకుని శబ్దాలన్నీ దింపాడు.

"సార్, ఇది మీ దగ్గరే ఉంచండి. నా గదిలో అయితే ఎలకలు, ఉల్లిపాయల దుమ్ము. ఇందులోనే మొత్తం ఉంది, జాగ్రత్త," అని చేతికిచ్చాడు. క్యాసెట్టు వెనకంచున రెండు పళ్ళుంటాయి. అవి విరగ్గొట్టేస్తే దాని మీద ఇంకోటి రికార్డవదు. విరగ్గొట్టాలి. ఆ సంగతి వరహాలబాబుకి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ రోజు మాత్రం ఆటో ఆగి ఉందన్న తొందరలో మర్చిపోయాడు.

ఆ రకం ఖాళీ చిప్పు కోసం కోఠీలో గుజరాతీ గల్లీ అంతా గాలించేసరికి నెల గడిచిపోయింది. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు, శనివారం పొద్దున్న, చర్చిలో పెట్టె మూత విప్పాడు. రెండింటికి కరెంటు కోత. టేపు ఒకసారి వేసి, గోల సరిగ్గా ఉందో లేదో చూసుకుని ఆ తర్వాత చిప్పు పీకడం పద్ధతి. నాలుగు నిమిషాల పని. "ఆ రోజే చూశాం కదా, ఎక్కడికి పోద్దిలే," అనుకున్నాడు. పాత చిప్పు పీకాడు. కొత్తది గుచ్చాడు. స్విచ్చి వేశాడు. పెట్టె లైట్లు వరసగా వెలిగి ఆరాయి. అంతే, లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది.

"ఇప్పుడు టేపు పెట్టండి సార్," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

రిచర్డుగారు సంచీలోంచి క్యాసెట్టు తీసి పెట్టారు. మీట నొక్కారు. కీచుమనే గోల రాలేదు. గొంతు సవరించుకున్న చప్పుడొచ్చి, వెంటనే రిచర్డుగారి కంఠమే గంభీరంగా వినిపించింది. "ప్రభువునందు ప్రియమైన ఆలిస్ అమ్మగారూ, శ్రమకాలపు మూడవ కూటములో పాస్టరుగారు అందించిన వర్తమానమును ఇప్పుడు వినెదరుగాక."

వరహాలబాబు టేపు ఆపేశాడు. "రెండో పక్క తిప్పండి," అన్నాడు. రెండో పక్క కూడా ప్రసంగమే. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఎక్కడ చూసినా పాస్టరుగారే.

రిచర్డుగారు గోడకి చేరబడి, "ఆ ప్రార్థన కూటం రోజున ఖాళీ టేపు ఒక్కటీ లేదు బాబూ. సంచీలో ఇది దొరికింది. వేసి చూస్తే ఒకటే కీచుమంటోంది. టేపు పాడైపోయింది కాబోలు, పై నుంచి రికార్డు చేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. నీ క్యాసెట్టు ఇంట్లో బీరువాలో ఉందనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. పొద్దున్న అక్కడ కనపడక, సంచీలో ఉన్న ఇదే కాబోలని తెచ్చాను," అన్నారు.

ఏమంటాడు! ముసలాయన తప్పా అది? టేపులో ఆర్గన్ ఉందంటే ఆర్గన్ వినపడాలి గదా, ఆయన లెక్కలో. కీచుగోలలో ఆర్గన్ ఉంటుందని ఎవరనుకుంటారు! మీద ఒక ముక్క రాసిపెట్టలేదు, పళ్ళు విరగ్గొట్టలేదు, సరిచూడలేదు. మూడు తప్పులూ వరహాలబాబువే. పిచ్చెత్తినట్టు కొత్త చిప్పు పీకి పాతది గుచ్చాడు. తుడిచిన పలక మీద పాత బలపం పెడితే పాత అక్షరాలు వస్తాయా? ముప్పై రెండో నంబరు నొక్కితే ఏదో ఈల వినిపించింది.

డోరాగారు కిటికీ దగ్గర నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తోంది. రిచర్డుగారు దగ్గరికి వెళ్ళి, ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని, ఎదురుగా నిలబడి ఒక్కొక్క మాటే చెప్పారు. ఆవిడ, "మంచం మీదున్న ఆలిస్ విన్నది కదా, మంచిదే," అంది. తిట్టినా బాగుండేది. వరహాలబాబుకి అక్కడే చచ్చిపోవాలనిపించింది.

"అమ్మగారూ, అది మీ చేత్తో చేసిందే కదా. మళ్ళీ చేద్దాం. మీటలు ఎక్కడెక్కడ పెట్టారో ఏదైనా పుస్తకంలో రాసుకున్నారా?" అని ఆశగా అడిగాడు.

ఆవిడ అతన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. "రాయలేదు బాబూ. చెవితో చేశాను. అప్పుడు చెవులుండేవి," అంది. ఎడమ చెవి నాలుగేళ్ళ కిందటే పోయింది. కుడి చెవికి అదురు తెలుస్తుంది తప్ప స్వరం తెలియదు. మాటలు పెదాలు చూసి పోల్చుకుంటుంది. వేళ్ళకి అలవాటు కాబట్టి వాయిస్తోంది. మొదటి బెంచీలో కూర్చుని రిచర్డుగారు తొడ మీద తాళం వేస్తుంటే అది చూసి నడుపుకొస్తోంది. "కమిటీకి తెలియదు. నువ్వు చెప్పకు. ఈస్టరు నాడు ఆ శబ్దం లేకపోతే నోవహుగారు ఆ కొత్తది కొనేస్తారు. నేను పోతే పోయాను, వేరే ఎవరైనా వాయిస్తారు. ఆ ఆర్గన్ పోకూడదు."

అంటే ఆ గొంతు దింపిన చెవులు ఇంక లేవు, దాన్ని దాచిన పెట్టె తుడిచిపెట్టుకుపోయింది. ఈస్టరుకి ఎనిమిది రోజులుంది. వరహాలబాబు ఆ గదిలో కుర్చీలో కూలబడి, తల రెండు చేతులతో పట్టుకున్నాడు.

"టేపులు!" అని హఠాత్తుగా లేచాడు. "సార్, మీ ప్రసంగం టేపులన్నీ పట్రండి. వాటిల్లో ఎక్కడో ఒకచోట పాట పడి ఉంటుంది. ఒక్క ముక్క చాలు, అది వింటూ ఆ శబ్దాన్ని మళ్ళీ కట్టేస్తాను."

రెండొందల పైచిలుకు క్యాసెట్లు. ఆదివారం మట్టలు పట్టుకుని సంఘం అంతా డప్పులతో వీధిలో పాడుకుంటూ వెళ్ళింది, ఆర్గన్ అవసరం పడలేదు. వీళ్ళు ముగ్గురూ పద్మారావు నగర్ ఇంట్లో కూర్చుని ఒక్కొక్క క్యాసెట్టే విన్నారు. సోమవారం సాయంత్రానికి అన్నీ అయ్యాయి. ఒక్కదాంట్లోనూ పాట లేదు. రిచర్డుగారు పొదుపరి. పాటలు అందరికీ నోటికొచ్చినవే కదా, టేపు దండగెందుకని, ఎప్పుడూ "ప్రార్థించుకుందాం" అన్న మాట దగ్గరే మీట నొక్కేవారు. పెళ్ళి వీడియోలు ఉన్నాయన్నారెవరో. ఆరిళ్ళు తిరిగి ఆరు తెచ్చారు. వీడియోలవాళ్ళు చర్చిలో శబ్దమంతా తీసేసి, పెళ్ళికూతురు నడిచొస్తుంటే సినిమా పాటలు అంటించారు. వరహాలబాబు టీవీ ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాడు.

మంగళవారం కొత్త చిప్పు మళ్ళీ గుచ్చి, చర్చిలో కూర్చుని ఆ శబ్దం కట్టడం మొదలుపెట్టాడు. కొట్టు మూసేశాడు. "ఏటయ్యిందండీ, కూడు కూడా తినడం మానీసినారు," అని దుర్గ అడుగుతుంటే సంచీ భుజాన వేసుకుని బయటపడేవాడు. అతని తలలో మొదటి రోజు విన్న శబ్దం ఇంకా ఉంది. ఒక్కసారి విన్నది. దాన్ని పట్టుకుని నలభై మీటలూ ఒక్కొక్కటే జరుపుతున్నాడు. డోరాగారు పక్కన కూర్చుని మాటల్లో చెప్పేది. "ముందు గాలి బాబూ, ఆ తర్వాత స్వరం. రెంటికీ మధ్య మనిషి నోరు తెరిచినంత సేపు." చెక్క పలక మీద అరచెయ్యి ఆనించి, అదురు చూసి, "ఇంకా కింద వణకాలి," అనేది.

ఊపిరాడని మనిషికి గాలి దొరికినట్టు ఏసురత్నం దొరికాడు. ఏసురత్నం చర్చి కాపలాదారు. డెబ్బై దాటినవాడు. కుర్రతనంలో ఆ ఆర్గన్ వెనక నిలబడి తిత్తి కొట్టింది అతనే.

"ఇరవై ఏండ్లు గాలి కొట్టిన బాబు, నాకు తెల్వదా?" అని బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వరహాలబాబు వాయించాడు. "గిట్ల కాదు," అన్నాడు. మీట జరిపి మళ్ళీ వాయించాడు. "కాదు కాదు. అండ్ల జెర దుమ్ముండె." దుమ్ము ఏ మీటతో వస్తుంది దేవుడా! వరహాలబాబు చెమటలు కక్కుతూ ఇంకోటి జరిపాడు. "గిది సుత కాదు. గిది మిషన్ లెక్కనే ఉంది."

రిచర్డుగారు కల్పించుకుని, "లేదు రత్నం, ఇదే. మెత్తగా ఉండేది," అన్నారు. "మెత్తగనా! మీరు ముందటి బెంచీల కూసునేటోల్లు సారూ. ఎన్కకెల్లి వింటే పులి గుర్రుమన్నట్టుండె," అన్నాడు ఏసురత్నం. ఇద్దరూ గొంతు పెంచుకున్నారు. ఒకే ఆర్గన్ ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంది. మధ్యలో వరహాలబాబు మొదటి రోజు విన్నది మూడో రకం. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక అతనికి పిచ్చెక్కిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఒక్కసారి దగ్గరికొచ్చినట్టే అనిపించింది. గాలి సరిగ్గా వచ్చింది. ఏసురత్నం కూడా తల పక్కకి వంచి ఆగాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ శబ్దాన్ని నంబరులో దాచుకునే లోపే పోయింది, దాచనిది పెట్టె గుర్తుపెట్టుకోదు. తిరిగొచ్చాక మూడు గంటలు తంటాలు పడ్డా అది మళ్ళీ రాలేదు. శుక్రవారం గుడ్ ఫ్రైడే, ఆ రోజు ఆ చర్చిలో వాయిద్యం ముట్టుకోరు. శిలువ ధ్యానాలు నడుస్తున్నంత సేపూ వరహాలబాబు బయట వేపచెట్టు కింద కూర్చుని, పళ్ళు బిగబట్టి, ఆ గొంతుని మనసులో నిలబెట్టుకోవాలని చూశాడు. ఆకలి కాదు, నిద్ర కాదు, ఒకటే భయం. తను విన్న ఆ ఒక్కసారిలోంచి కూడా ఒక్కొక్క ముక్కే ఊడిపోతోందన్న భయం.

శనివారం సాయంత్రం నాలుగింటికి డోరాగారు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "చాలు బాబూ. ఇక్కడ ఆపు."

"ఇది కాదమ్మా!"

"కాదని నాకూ తెలుసు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. దీన్నే దాచు."

ముప్పై రెండో నంబరులో దాచాడు. దాచి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "అమ్మా, రేపు ఎవరు అడిగినా మీరు నోరు విప్పకండి. నేనే లేచి చెప్తాను. ఈ పాపిష్ఠి చేతులు చేశాయి, ఈవిడ తప్పేం లేదు, ఆ ఆర్గన్‌ని చంపింది నేనే అని అందరి ముందూ చెప్తాను. మిమ్మల్ని ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోను," అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది.

ఈస్టరు ఆదివారం తెల్లబట్టలతో చర్చి నిండిపోయింది. వరహాలబాబు వెనక ద్వారం పక్కన నిలబడ్డాడు. చెప్పాల్సిన మాటలు రాత్రంతా వల్లెవేసుకున్నాడు, గొంతులో తయారుగా ఉన్నాయి. డోరాగారు కూర్చుంది. రిచర్డుగారు తొడ మీద చెయ్యి పెట్టారు. మొదటి కీర్తన మొదలైంది. ఆ శబ్దం వరహాలబాబు చెవిన పడింది. తప్పు, తప్పు, అడుగడుగునా తప్పు. ఇప్పుడు తిరుగుతాయి తలలు, ఇప్పుడు లేస్తారు నోవహుగారు అనుకుంటూ ద్వారం చెక్క గట్టిగా పట్టుకున్నాడు.

ఒక్క తల తిరగలేదు. మూడొందల మంది గొంతెత్తి పాడుతున్నారు. రెండో చరణం, మూడో చరణం. పసిపిల్లలు ఏడుస్తున్నారు, ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటున్నారు, నోవహుగారు అందరికంటే పెద్దగా పాడుతున్నారు. ఆశీర్వాదం కూడా అయింది. పెట్టె ఎక్కడా ఆగలేదు, ఊళ పెట్టలేదు.

అయ్యాక అందరూ డోరాగారి చుట్టూ మూగారు. నోవహుగారు నవ్వుతూ వచ్చి, "సిస్టర్, పండగ శుభాకాంక్షలు! మన పాత ఆర్గన్ మళ్ళీ మొదటిలాగే పలికింది. ఇంక కొత్తది దేనికి, ఆ మాట ఎత్తనులెండి," అన్నారు. ఎవరో ఆవిడ వచ్చి, చిన్నప్పటి నుంచీ ఈ శబ్దం వింటేనే నాకు పండగ అని చెప్పి వెళ్ళింది. వరహాలబాబు గొంతులో ఆ తయారుగా ఉన్న మాటలు అలాగే ఉండిపోయాయి. ఎవరితో చెప్పాలి? ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు.

చివరికి ఏసురత్నం వచ్చాడు. ఆ వారమంతా "గిట్ల కాదు" అన్న ఏసురత్నం. కళ్ళ నిండా నీళ్ళు. డోరాగారి రెండు చేతులూ పట్టుకుని, "గిదే అమ్మా! గిదే! నేను గాలి కొట్టింది గిదే!" అన్నాడు. అతను అబద్ధం ఆడటం లేదు. అది వరహాలబాబుకి అర్థమైంది.

చర్చి ఖాళీ అయింది. డోరాగారు పెట్టె మీద తెల్లగుడ్డ కప్పి, మెల్లగా నడిచి వరహాలబాబు దగ్గరికొచ్చింది. "పద్నాలుగేళ్ళు వాయించాను బాబూ ఆ శబ్దంతో. వీళ్ళు వింటున్నారనుకున్నాను," అంది. కోపం లేదు ఆ గొంతులో, అలసిపోయినట్టుంది. వరహాలబాబు తల ఎత్తలేకపోయాడు.

ఆవిడ అతని గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తింది, పెదాలు కనిపించాలి కదా ఆవిడకి. "నువ్వు విన్నావుగా మొదటి రోజు. నీ చెవిలోనైనా ఉందా అది?"

వరహాలబాబు కళ్ళు మూసుకున్నాడు. ఆ ఫిబ్రవరి శనివారాన్ని గుర్తు తెచ్చుకున్నాడు. కిటికీ కనిపించింది, ఆవిడ వేళ్ళు కనిపించాయి, చేతుల మీద రోమాలు లేవడం గుర్తొచ్చింది. ఆ వేళ్ళ కింద నుంచి మాత్రం నిన్న సాయంత్రం నాలుగింటికి తను దాచిన శబ్దమే వచ్చింది. ఛీ అనుకుని మళ్ళీ మొదటి నుంచి తలుచుకున్నాడు. మళ్ళీ అదే వచ్చింది.

"ఉందమ్మా," అన్నాడు.

ఆవిడ అతని పెదాలు చూసి, తేలిగ్గా ఊపిరి వదిలి, "అయితే పోలేదన్నమాట," అంది. రిచర్డుగారి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.